స్లాట్ చూసి కన్సోల్ కొనండి

గేమ్ కన్సోల్ ధర పెట్టె మీద ఉంటుంది. స్టోరేజీ నిండిపోయిన రోజున పెట్టాల్సిన రెండో ఖర్చు ఎక్కడా రాసి ఉండదు. అది ఎంతవుతుంది, ఎవరి చేతికి వెళ్తుంది, అయిదేళ్ల తర్వాత ఆ వస్తువు అసలు దొరుకుతుందా అన్న సంగతులు మాత్రం కన్సోల్ వెనకో అడుగునో ఉన్న ఒక చిన్న స్లాట్‌ని చూస్తే చాలావరకు తెలిసిపోతాయి. కొనేవాళ్లలో చాలామంది దాన్ని చూడరు. గ్రాఫిక్స్ చూస్తారు, గేములు చూస్తారు, ఈఎంఐ ఎన్ని నెలలో చూస్తారు. షాపువాళ్లు కూడా ఆ స్లాట్ ఊసెత్తరు. ఎత్తాల్సిన అవసరం వాళ్లకి లేదు.

మొదటి జీతాల్లోంచి దాచుకుని కన్సోల్ కొనుక్కుంటున్న కుర్రాళ్ల కోసం, ఇంట్లో పిల్లల పోరు పడలేక షాపుకి బయల్దేరుతున్న అమ్మానాన్నల కోసం ఈ అధ్యాయం రాస్తున్నాను. ఇంత డబ్బు పోసి కొనే వస్తువు తర్వాత ఎంత అడుగుతుందో ముందే పసిగట్టడం నేర్చుకుంటే వచ్చేదే. దానికి ఇంజినీరింగ్ అక్కర్లేదు.

ముందు ఆ రెండో ఖర్చు నిజంగా వస్తుందా అన్నది చూద్దాం. ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న 49,990 రూపాయలకి అమ్మకానికి వచ్చింది. లోపల 825 జీబీ ఎస్‌ఎస్‌డీ, అంటే గేములు దాచుకునే వేగమైన స్టోరేజీ. సిస్టమ్ సాఫ్ట్‌వేర్ తన వాటా తీసుకున్నాక గేములకి మిగిలేది 667 జీబీ. అంతకు కొద్ది నెలల ముందు, 2020 నవంబరులో, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ 34,990 రూపాయలకి వచ్చింది. పేరుకి 512 జీబీ, వాడుకోవడానికి 364 జీబీ. ఇప్పటి పెద్ద గేములు చాలా మటుకు ఒక్కొక్కటి 100 జీబీకి అటూ ఇటూ ఉంటున్నాయి, కాల్ ఆఫ్ డ్యూటీ లాంటివి అది కూడా దాటిపోతున్నాయి. అంటే సిరీస్ ఎస్‌లో మూడు పెద్ద గేములు పెట్టుకుంటే నాలుగోదానికి చోటు వెతుక్కోవాలి. డిస్క్ పట్టే కన్సోల్‌లో డిస్క్ కొంటే ఈ బాధ ఉండదనుకోకండి. డిస్క్ కొన్నా గేమంతా ఎస్‌ఎస్‌డీలోకి ఇన్‌స్టాల్ కావాల్సిందే, ఆడేది అక్కడి నుంచే. కాబట్టి కన్సోల్‌ని రెండు మూడేళ్లు గట్టిగా వాడే ఇంట్లో ఈ ఖర్చు వచ్చి తీరుతుందనే లెక్క వేసుకోండి.

ఇక స్లాట్ దగ్గర అడగాల్సిన ప్రశ్న: ఇందులో పట్టే వస్తువుని ఎంతమంది తయారు చేస్తున్నారు?

కంపెనీ సొంత కార్డా, ఎవరైనా తయారు చేయగల ఉమ్మడి ప్రమాణమా అని అడగడం మామూలు. ఆ రెంటి మధ్యా ఎన్నో మెట్లున్నాయి. కొన్ని సొంత కార్డులకి మెల్లగా రెండో తయారీదారు వచ్చి చేరతాడు. కొన్ని ఉమ్మడి ప్రమాణాలు కొత్తగా పుట్టినప్పుడు ఇద్దరు ముగ్గురే తయారు చేస్తుంటారు. అందుకే నేను తయారీదార్లని లెక్కపెట్టమంటాను. ఫోన్‌లో రెండు నిమిషాలు వెతికితే ఆ లెక్క దొరుకుతుంది, మీ జేబుకి పడబోయే భారం కూడా దాన్నిబట్టే ఉంటుంది.

ఒకే ఒక్క తయారీదారు ఉంటే ఏమవుతుంది

సోనీ 2011 డిసెంబరులో జపాన్‌లో, మరుసటి ఫిబ్రవరిలో మిగతా దేశాల్లో ప్లేస్టేషన్ వీటా అనే చేతి కన్సోల్‌ని విడుదల చేసింది. నా లెక్కలో అది ఆ కాలానికి అందమైన యంత్రం. ఓఎల్ఈడీ తెర, రెండు అనలాగ్ స్టిక్కులు, వెనకవైపు కూడా టచ్. అయితే మొదటి మోడల్లో వాడకందారు దాచుకోవడానికి లోపల స్టోరేజీయే లేదు. కార్ట్రిడ్జిగా కొన్న గేముల్లో కొన్ని తమ సేవ్‌ని తమలోనే దాచుకునేవి, మరికొన్నిటికి సేవ్ చేయాలన్నా మెమరీ కార్డు ఉండాల్సిందే. డౌన్‌లోడ్ చేసుకునే గేములకైతే చెప్పనే అక్కర్లేదు. ఆ కార్డు సోనీ వీటా కోసమే చేసిన కార్డు. ఫోన్‌లో వాడే మైక్రోఎస్డీ అందులో పట్టదు, సోనీయే అంతకుముందు తన పాత చేతి కన్సోల్ పీఎస్‌పీకి వాడిన మెమరీ స్టిక్ కూడా పట్టదు.

అమెరికాలో ఆ కార్డుల ధరలు చూడండి. 4 జీబీ 20 డాలర్లు, 8 జీబీ 30, 16 జీబీ 60, 32 జీబీ 100. కన్సోల్ ధరేమో 250 డాలర్లు. అంటే పెద్ద కార్డు కొంటే కన్సోల్ ధరలో అయిదింట రెండు వంతులు మళ్లీ కట్టినట్టే. అదే రోజుల్లో అంతే సైజు మైక్రోఎస్డీ కార్డు దానికంటే ఎంతో చవగ్గా, పది బ్రాండ్లలో దొరికేది. పైగా వీటాలో ఒక కార్డు ఒక ప్లేస్టేషన్ ఖాతాకే కట్టుబడి ఉండేది. ఇంట్లో అన్నదమ్ములిద్దరూ వేర్వేరు ఖాతాలతో ఆడాలంటే వేర్వేరు కార్డులు కొనుక్కోవాలి, లేదా ప్రతిసారీ ఫార్మాట్ చేసుకోవాలి.

సోనీ వైపు నుంచి ఆలోచిస్తే కారణం లేకపోలేదు. పీఎస్‌పీని పైరసీ తినేసింది. మెమరీ స్టిక్‌లో దొంగ కాపీలు పెట్టుకుని ఆడటం ప్రపంచమంతటా పాకిపోయింది. అందుకే కొత్త యంత్రానికి తమ చేతిలో ఉండే కార్డు కావాలనుకున్నారు. పైగా కన్సోల్ మీద లాభం తక్కువగా పెట్టుకుని, తర్వాత కొనే వస్తువుల మీద రాబట్టుకోవడం ఈ పరిశ్రమ పాత అలవాటు. ప్రింటర్ చవగ్గా ఇచ్చి ఇంకు ప్రియంగా అమ్మినట్టు. కానీ వీటాలో ఆ భారం దొంగ కాపీలు ఆడేవాడి మీద పడలేదు. దుకాణంలో డబ్బులిచ్చి గేము కొన్నవాడి మీద పడింది. ఎక్కువ గేములు కొన్న అభిమాని ఎక్కువ కట్టాల్సి వచ్చింది. ఒక కంపెనీని బాగా ఇష్టపడేవాడికే ఎక్కువ శిక్ష వేసే ధర ఎంత తెలివైనదైనా నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. జపాన్‌లో వీటా తయారీ 2019లో ఆగిపోయింది. కన్సోల్ ఆగితే, దానికొక్కదానికే పనికొచ్చే కార్డు ఇంకెవరు చేస్తారు? తయారీదార్ల సంఖ్య ఒకటి నుంచి సున్నాకి పడింది. ఈ రోజు వీటాని బతికించుకుంటున్న వాళ్లలో చాలామంది ఔత్సాహికులు తయారు చేసిన ఒక చిన్న అడాప్టర్‌ని వాడుతున్నారు. గేమ్ కార్డు పెట్టే చోట దాన్ని దూర్చి, అందులో మామూలు మైక్రోఎస్డీ పెట్టుకుంటారు. అది పనిచేయాలంటే కన్సోల్ సాఫ్ట్‌వేర్‌ని మార్చాలి, అంటే సోనీ ఒప్పుకోని పని చేయాలి. దొంగతనం ఆపడానికి పెట్టిన తాళం, చివరికి నిజాయితీగా కొన్నవాళ్ల చేత కూడా తాళం పగలగొట్టించింది.

మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌బాక్స్ 360 కథ ఇంకో రకం. 2005లో వచ్చిన ఆ కన్సోల్ పైన ఊడదీసి పెట్టుకునే హార్డ్ డిస్క్ ఉండేది. దాని ప్లాస్టిక్ డబ్బా విప్పితే లోపల ఉన్నది ల్యాప్‌టాప్‌లో వాడే మామూలు 2.5 అంగుళాల సాటా డిస్కే. దాని మీద మైక్రోసాఫ్ట్ గుర్తు రాసి ఉంటేనే కన్సోల్ ఒప్పుకునేది. 2007లో 120 జీబీ డిస్క్‌ని విడిగా 180 డాలర్లకి అమ్మారు. ల్యాప్‌టాప్ డిస్క్ బజారు ధరకీ దీనికీ ఉన్న తేడా అంతా ఆ గుర్తు ఖరీదే. హార్డ్ డిస్క్ లేకుండా చవగ్గా అమ్మిన మోడల్ కొన్నవాళ్లకి మెమరీ యూనిట్లే గతి. అవి 64 ఎంబీతో మొదలయ్యాయి. డేటెల్ అనే బ్రిటిష్ కంపెనీ, మైక్రోఎస్డీ పెట్టుకుని వాడుకునే యూనిట్ ఒకటి తెచ్చింది. 2009లో మైక్రోసాఫ్ట్ ఒక అప్‌డేట్‌తో అనుమతి లేని యూనిట్లన్నిటినీ పనిచేయకుండా చేసింది. డేటెల్ కోర్టుకెక్కింది. ఇక్కడ గమనించాల్సింది: కొన్నవాళ్ల ఇంట్లో, వాళ్ల డబ్బుతో, నిన్నటిదాకా పనిచేసిన వస్తువు ఒక అప్‌డేట్‌తో పనికిరాకుండా పోయింది. సొంత పద్ధతి స్లాట్‌కి బయటి నుంచి చవక ప్రత్యామ్నాయం దొరికిందని సంతోషపడేవాళ్లు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి. ఆశ్చర్యం ఏమిటంటే కొద్ది నెలలకే, 2010 ఏప్రిల్లో, అదే మైక్రోసాఫ్ట్ మామూలు యూఎస్‌బీ పెన్‌డ్రైవ్‌ని 360లో వాడుకోనిచ్చింది. యంత్రం మారలేదు, మారింది నిర్ణయం. పెన్‌డ్రైవ్ వాడకుండా అంతదాకా ఆపింది సాంకేతిక కారణం కాదని దాంతో తేలిపోయింది.

అదే తరంలో సోనీ పీఎస్3 దగ్గర చేసింది చూస్తే, కంపెనీని బట్టి మంచీ చెడూ తేల్చకూడదని అర్థమవుతుంది. 2006లో వచ్చిన పీఎస్3లో మామూలు 2.5 అంగుళాల డిస్క్‌ని ఇంట్లోనే మార్చుకోవచ్చు, ఎలా మార్చాలో మాన్యువల్లోనే రాసిచ్చారు. పీఎస్4 కూడా అంతే. వీటా చేసిన కంపెనీయే ఇదీ చేసింది. అందుకే కంపెనీ పేరు చూసి కాకుండా ఆ మోడల్ స్లాట్ చూసి కొనమంటున్నాను.

ఇప్పటి రెండు దారులు

2020 నవంబరులో సోనీ, మైక్రోసాఫ్ట్ కొత్త కన్సోళ్లు కొద్ది రోజుల తేడాతో వచ్చాయి. రెండింటిలోనూ వేగమైన ఎస్‌ఎస్‌డీ ఉంది. స్టోరేజీ పెంచుకునే దగ్గర రెండూ చెరో దారి పట్టాయి.

మైక్రోసాఫ్ట్ కన్సోల్ వెనక ఒక స్లాట్ పెట్టి, దానికి సీగేట్ చేత ఒక కార్డు చేయించింది. 1 టీబీ కార్డు 220 డాలర్లు. వేలెడంత కార్డు, వెనక్కి దూరిస్తే పని అయిపోయింది. స్క్రూ డ్రైవర్ లేదు, ఫార్మాట్ తంటా లేదు, కన్సోల్ కొన్న మొదటి రోజు నుంచే పనిచేసింది. దాన్ని పీకి స్నేహితుడి ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో పెట్టి, మీ ఖాతాతో లాగిన్ అయితే మీ గేములు అక్కడ కూడా నడుస్తాయి. ఈ సుఖాన్ని నేను తక్కువ చేసి చెప్పను. యంత్రాలు విప్పడమంటే భయపడే ఇళ్లు చాలా ఉన్నాయి, వాళ్లకి ఇది నిజంగా మంచి ఏర్పాటు.

సోనీ ఎం.2 స్లాట్ పెట్టింది. కంప్యూటర్లలో వాడే ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీని ఎవరు చేసినా సరే తెచ్చుకోవచ్చు, కొన్ని కొలతలకి సరిపోతే చాలు. వినడానికి బాగుంది కదా. కానీ కన్సోల్ వచ్చిన రోజున ఆ స్లాట్ పనిచేయలేదు. అది తెరుచుకున్నది 2021 సెప్టెంబరు అప్‌డేట్‌తో, అంటే దాదాపు పది నెలలకి. పీఎస్5 రూపకల్పనకి నాయకత్వం వహించిన మార్క్ సెర్నీ 2020 మార్చి ప్రసంగంలోనే, తాము పరీక్షించి చెప్పేదాకా ఎస్‌ఎస్‌డీ కొనవద్దని హెచ్చరించారు. కారణం ఉంది. పీఎస్5 లోపలి ఎస్‌ఎస్‌డీ సెకనుకి 5.5 జీబీ చదువుతుంది, బజార్లో ఆ వేగానికి తూగే డ్రైవులు అప్పుడు ఇంకా సరిగా రాలేదు. ఉమ్మడి ప్రమాణం మీద ఆధారపడితే ఆ ప్రమాణం ఎదిగేదాకా ఆగాల్సి వస్తుంది. ఆ పది నెలలు పీఎస్5 ఉన్నవాళ్లు గేములు తీసేసుకుంటూ, మళ్లీ దించుకుంటూ గడిపారు.

తర్వాత లెక్క తిరగబడింది. ఎం.2 ఎస్‌ఎస్‌డీలు చేసేవాళ్లు ప్రపంచంలో లెక్కకు మిక్కిలి. శాంసంగ్, సీగేట్, కింగ్‌స్టన్, ఏడేటా ఇలా చెప్పుకుంటూ పోవచ్చు. వాళ్లు కంప్యూటర్ల కోసం పోటీపడి ధర తగ్గించినప్పుడల్లా ఆ తగ్గింపు పీఎస్5 వాడేవాళ్లకీ అందింది. సోనీ ఏమీ చేయనక్కర్లేకపోయింది. ఎక్స్‌బాక్స్ కార్డు ధర మాత్రం సీగేట్ ఒక్కటే చేసినన్నాళ్లు పెద్దగా కదల్లేదు. 2023లో వెస్టర్న్ డిజిటల్ సీ50 పేరుతో రెండో కార్డు తెచ్చింది, 1 టీబీ 150 డాలర్లు. సీగేట్ కార్డు కూడా అప్పుడే 150కి దిగింది. రెండో తయారీదారు రాగానే ఒక్కసారిగా 70 డాలర్లు తగ్గాయంటే, అప్పటిదాకా వాడకందార్లు కట్టిన అదనం ఎంతో మీరే ఊహించుకోండి. నేను తయారీదార్లని లెక్కపెట్టమనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

సొంత కార్డుని సమర్థించేవాళ్లు వేగం మాట ఎత్తుతారు. ఎవడో నాసిరకం డ్రైవ్ పెట్టుకుని గేము నత్తనడక నడిస్తే పేరు కన్సోల్‌కే చెడుతుంది, అందుకే మా కార్డే కొనాలి అని. ఒకప్పుడు ఈ వాదనలో బలం ఉండేది. ఇప్పుడు లేదు. పీఎస్5 కనీస కొలతలు ప్రకటించి ఊరుకుంది, ఎస్‌ఎస్‌డీ పెట్టాక దాని వేగం ఎంతో తెర మీదే కొలిచి చూపిస్తుంది. నింటెండో స్విచ్ 2 కూడా తక్కువ వేగం కార్డుని గేములకి ఒప్పుకోదు. నాణ్యత కావాలంటే గీత గీస్తే చాలు, గేటు పెట్టి కాపలా కాయనక్కర్లేదు. సుఖం కోసం సొంత కార్డు కొంటున్నామంటే సరే, అది మీ ఇష్టం, మీ డబ్బు. వేగం కోసం తప్పదని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి.

నింటెండో సంగతి కొంచెం చెప్పాలి. 2017లో వచ్చిన స్విచ్‌లో లోపల 32 జీబీయే, కానీ ఏ మైక్రోఎస్డీ కార్డయినా పెట్టుకోవచ్చు. 2025 జూన్ 5న వచ్చిన స్విచ్ 2లో లోపల 256 జీబీ. కార్డు మాత్రం మైక్రోఎస్డీ ఎక్స్‌ప్రెస్ అయితేనే గేములకి పనికొస్తుంది. పాత కార్డు పెడితే అందులోని స్క్రీన్‌షాట్లు, వీడియోలు కాపీ చేసుకోవడానికే. ఇది నింటెండో సొంత తాళం కాదు. ఎస్డీ అసోసియేషన్ 2019లోనే ప్రకటించిన ప్రమాణం. మామూలు కార్డు సెకనుకి 100 ఎంబీ దగ్గర ఆగిపోతే ఇది 985 ఎంబీ దాకా వెళ్లగలదు. అయితే ఫోన్లూ కెమెరాలూ దాన్ని పెద్దగా అందుకోకపోవడంతో స్విచ్ 2 వచ్చేనాటికి తయారు చేసేవాళ్లు తక్కువమందే ఉన్నారు. అమెరికాలో 256 జీబీ కార్డు 60 డాలర్ల దాకా పలికింది, మామూలు కార్డు ధర కంటే అది చాలా ఎక్కువ. ఇలాంటి చోట ఓపిక పట్టినవాడికి లాభం. తయారీదార్లు పెరిగే దిశలో ఉన్నారు కాబట్టి ఈ రోజు అవసరమైనంతే కొనండి, పెద్దది తర్వాత కొనండి. సొంత పద్ధతి కార్డు విషయంలో సరిగ్గా దీనికి వ్యతిరేకంగా చేయాలి: కన్సోల్ అమ్మకాలు మంచి ఊపులో ఉన్నప్పుడే మీకు చివరిదాకా సరిపడేంత కొని పెట్టుకోవాలి.

కొనేముందు ఇంట్లో చేయాల్సింది

స్టోరేజీ నిండిందని కన్సోల్ చెప్పగానే కార్డు కొనడానికి పరుగెత్తకండి. నిండినవాటిలో ఈ నెలలో ఆడినవెన్ని? చాలా ఇళ్లలో రెండో మూడో. మిగతావి "ఎప్పుడైనా ఆడదాంలే" అని పడి ఉన్నవి. వాటికి ఖరీదైన ఎస్‌ఎస్‌డీ అనవసరం. పీఎస్5, ఎక్స్‌బాక్స్ రెండూ మామూలు యూఎస్‌బీ హార్డ్ డిస్క్‌ని ఒప్పుకుంటాయి. యూఎస్‌బీ 3 డిస్క్ అయి ఉండాలి, పీఎస్5కి అయితే 250 జీబీకి తగ్గకూడదు. కొత్త తరం గేముల్ని అందులోంచి ఆడలేరు, దాచుకోవచ్చు. ఆడాలనుకున్న రోజు లోపలికి మార్చుకోవాలి. 100 జీబీ గేము మార్చడానికి మామూలు హార్డ్ డిస్క్‌తో పావుగంట, ఇరవై నిమిషాలు. పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ గేములైతే నేరుగా అందులోంచే ఆడుకోవచ్చు. ఫొటోలూ సినిమాలూ దాచిన డిస్క్‌ని మాత్రం తగిలించకండి. గేముల కోసం సిద్ధం చేసేటప్పుడు కన్సోల్ దాన్ని మొత్తం తుడిచేస్తుంది.

మీ ఇంట్లో ఫైబర్ నెట్ ఉంటే ఇంకో దారి. 100 ఎంబీపీఎస్ కనెక్షన్ మీద 100 జీబీ గేము మళ్లీ దించుకోవడానికి రెండుంపావు గంటలు పడుతుంది. పడుకునేముందు పెడితే తెల్లారేసరికి సిద్ధం. అలాంటి ఇంట్లో గేము తీసేయడానికి భయపడనక్కర్లేదు. మొబైల్ హాట్‌స్పాట్ మీద నెట్టుకొస్తున్న ఊళ్లో, రోజుకి ఇన్ని జీబీలన్న పరిమితి ఉన్న ప్లాన్ మీద అదే పని పీడకల. అక్కడ స్టోరేజీ కొనడమే చవక.

తీసేసే ముందు సేవ్ ఎక్కడుందో చూసుకోండి. గేము మళ్లీ దొరుకుతుంది, మీ అబ్బాయి నెలల తరబడి ఆడి చేరుకున్న మెట్టు దొరకదు. ఎక్స్‌బాక్స్ సేవ్‌లని క్లౌడ్‌లో ఉచితంగా దాస్తుంది. పీఎస్5 గేముల సేవ్‌లని యూఎస్‌బీలోకి కాపీ చేసుకోనివ్వదు. క్లౌడ్‌లో దాచాలంటే ప్లేస్టేషన్ ప్లస్ చందా కట్టాలి. స్విచ్ సేవ్‌లు కన్సోల్ లోపలే ఉంటాయి, మైక్రోఎస్డీలోకి వెళ్లవు. ఆ కార్డులోని గేములు కూడా ఆ కన్సోల్‌కే కట్టుబడి ఉంటాయి, ఇంకో స్విచ్‌లో పెడితే నడవవు. పీఎస్5 ఎస్‌ఎస్‌డీ పీకి ఇంకో పీఎస్5లో పెట్టినా మళ్లీ ఫార్మాట్ చేయాల్సిందే. స్లాట్ అందరిదీ అయినంత మాత్రాన లోపలి గేము అందరిదీ కాదు. ఈ విషయంలో ఎక్స్‌బాక్స్ సొంత కార్డే ఎక్కువ స్వేచ్ఛనిస్తుంది. అన్నదమ్ములు చెరో ఊళ్లో చెరో ఎక్స్‌బాక్స్ పెట్టుకున్న ఇంటికి ఆ ఒక్క కారణంతోనే ఆ కార్డు కొనమని చెబుతాను.

పీఎస్5కి ఎస్‌ఎస్‌డీ కొనాలని నిర్ణయించుకుంటే చూడాల్సినవి: పీసీఐఈ జెన్4 ఎన్‌వీఎంఈ అయి ఉండాలి. జెన్3 డ్రైవులు, ఎం.2 ఆకారంలో ఉండే సాటా డ్రైవులు పనికిరావు, అవి చవగ్గా ఉంటాయి కాబట్టి ఇక్కడే జనం పొరపాటు పడతారు. చదివే వేగం సెకనుకి 5,500 ఎంబీ, ఆ పైన ఉండాలని సోనీ సూచన. సొంత మెమరీ (డీరామ్) లేని చవక డ్రైవులు కంప్యూటర్ మెమరీలో కొంత అరువు తెచ్చుకుని పనిచేస్తాయి. పీఎస్5 ఆ అరువు ఇవ్వదు, కాబట్టి వాటి వేగం తగ్గవచ్చు. వేడిని లాగే హీట్‌సింక్ తప్పనిసరి. హీట్‌సింక్‌తో కలిపి మొత్తం మందం 11.25 మిల్లీమీటర్లు మించకూడదు, వెడల్పు 25 మిల్లీమీటర్లు మించకూడదు. గేమింగ్ కంప్యూటర్ల కోసం చేసిన బండ హీట్‌సింకులు ఇందులో పట్టవు. పరిమాణం మొదట్లో 4 టీబీ దాకానే ఒప్పుకునేది, 2023 సెప్టెంబరు అప్‌డేట్ తర్వాత 8 టీబీ దాకా. మామూలు ఇంటికి 1 టీబీ చాలు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట ఇవన్నీ దొరుకుతాయి. షాపులో "పీఎస్5కి కావాలి" అని చెప్పి, బిల్లు మీద మోడల్ నంబరు రాయించుకోండి. సరిపోకపోతే మార్చుకోవడానికి అదే ఆధారం. బిగించేది పదిహేను నిమిషాల పని. కన్సోల్‌ని రెస్ట్ మోడ్‌లో కాకుండా పూర్తిగా ఆపి, వైరు పీకి, కాసేపు చల్లారనివ్వండి. పై కవర్ జరిపి తీసి, స్లాట్ మీది రేకు స్క్రూ విప్పి, ఎస్‌ఎస్‌డీ పొడవుకి సరిపోయే రంధ్రం దగ్గర స్పేసర్ పెట్టి, డ్రైవ్‌ని ఏటవాలుగా దూర్చి స్క్రూ బిగించాలి. బలం పెట్టాల్సి వస్తోందంటే ఏదో తేడా ఉన్నట్టు, ఆగండి. స్క్రూలు చాలా చిన్నవి, కింద తెల్లటి బట్ట పరిస్తే పోవు. ఎంత ప్రయత్నించినా చేయి ఆడకపోతే షాపులోనే బిగించి ఇమ్మనండి, ఇందులో నామోషీ లేదు.

మైక్రోఎస్డీ కొనేటప్పుడు భయపడాల్సింది నకిలీ కార్డులకి. 512 జీబీ అని అచ్చేసి ఉంటుంది, కన్సోల్‌కి కూడా 512 అనే చెబుతుంది, లోపల ఉన్నది 32. ఆ 32 నిండేదాకా అన్నీ బాగానే ఉంటాయి, తర్వాత కొత్తది రాసినప్పుడల్లా పాతది పాడవుతుంటుంది. తెలిసేసరికి నెలలు గడిచి, వాపసు గడువు ముగిసిపోతుంది. అందుకే కొన్న రోజే కంప్యూటర్‌కి తగిలించి పరీక్షించండి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్, లినక్స్‌లలో ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములు కార్డు మొత్తం రాసి, తిరిగి చదివి, ఎంత నిజమో ఎంత అబద్ధమో చెప్పేస్తాయి. పెద్ద కార్డుకి కొన్ని గంటలు పట్టినా సరే, చేయండి.

అమెరికా నుంచి వచ్చే అక్కచేతో బావచేతో తెప్పించుకునే అలవాటు మన ఇళ్లలో ఉంది. ఎస్‌ఎస్‌డీకీ కార్డులకీ దేశం తేడా లేదు, అక్కడ కొన్నవి ఇక్కడ నడుస్తాయి. వారంటీ మాత్రం కొన్న దేశానికే పరిమితం కావడం మామూలు. బిల్లు తప్పక తెమ్మనండి, ధర తేడా మరీ పెద్దగా లేకపోతే ఇక్కడే కొనండి.

పాత కన్సోల్ సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నవాళ్లకి చివరగా ఒక మాట. పీఎస్3, పీఎస్4 అయితే డిస్క్ పోయి ఉన్నా కంగారు లేదు, ల్యాప్‌టాప్ డిస్క్‌తో సరిపెట్టుకోవచ్చు. మొదటి స్విచ్ అయితే కార్డు లేకున్నా పర్వాలేదు. వీటా, ఎక్స్‌బాక్స్ 360 అయితే కార్డో హార్డ్ డిస్కో చేతిలో పెడితేనే డబ్బు ఇవ్వండి. దాన్ని కన్సోల్‌లో పెట్టి, ఒక గేము తెరిచి, కాసేపు ఆడి, సేవ్ చేసి, ఆపి, మళ్లీ ఆన్ చేసి ఆ సేవ్ తెరుచుకుంటోందో లేదో అమ్మేవాళ్ల ముందే చూడండి. ఎక్స్‌బాక్స్ 360 ఆన్‌లైన్ స్టోర్‌ని 2024 జులై 29న మూసేశారు కాబట్టి, అందులో డిజిటల్‌గా కొనే దారి ఇక లేదు. డిస్కుల మీద గేములు ఎన్ని ఇస్తున్నారో కూడా అప్పుడే లెక్కపెట్టుకోండి.